సంకల్ప అమర్చడమైనది

ఉన్న వస్తువును వద్దనడం తేలిక. బాగాలేదనవచ్చు, పగిలిందని రాసి స్టోరుకు తిప్పి పంపవచ్చు. లేని వస్తువును వద్దనడం ఎంత కష్టమో ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు తర్వాతగానీ నాకు తెలిసిరాలేదు.

నా పేరు ఇప్పిలి వైకుంఠరావు. తీర నావల నమోదు శాఖ, కళింగరేవు జిల్లా కార్యాలయంలో సూపరింటెండెంటును. సముద్రంలోకి వెళ్లే ప్రతి పడవకూ ఒక నంబరు, ఆ పడవ మీద వెళ్లే ప్రతి మనిషికీ ఒక గుర్తింపు. ఇవి రాసి ఉంచడం, అడిగినవాళ్లకు కాగితం ఇవ్వడం, ఇదీ మా పని. పూర్వం ఇవన్నీ పెద్ద పెద్ద రిజిస్టర్లలో ఉండేవి. రెండేళ్ల కిందట మా శాఖకు ‘కాగితరహిత కార్యాలయం’ అనే ఉత్సాహం వచ్చింది. రిజిస్టర్లన్నీ లారీకెత్తి కాగితం మిల్లుకు పంపించాం. పంపినట్టు సంతకం పెట్టింది నేనే. అప్పటినుంచి జిల్లాలోని పడవలన్నీ మా ఆఫీసులోని తొమ్మిది కంప్యూటర్లలో ఉంటున్నాయి.

ఆ కంప్యూటర్లను చూసుకునే అమ్మాయి పొట్నూరు హేమసుందరి. అవుట్‌సోర్సింగ్ ఉద్యోగి. ఆరేళ్లుగా ఉంది. కంప్యూటర్లు చెడిపోతే బాగుచేసేది ఆమె. చెడిపోకపోతే మా అందరి పనీ చేసేది కూడా ఆమే.

ఆషాఢం వెళ్లీ వెళ్లకుండానే ప్రధాన కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. మా ఉపసంచాలకులు పరాంకుశం గారు అందరినీ గదిలోకి పిలిచి, కళ్లజోడు సర్దుకుని, లేచి నిలబడి మరీ చదివారు.

“విదేశీ ఆపరేటింగ్ సిస్టంల దాస్యము నుండి శాఖను విముక్తి గావించుటకై, మన నిపుణులచే రూపొందించబడిన ‘సంకల్ప’ అను సంపూర్ణ ఆపరేటింగ్ సిస్టం ఈ నెల పదిహేనవ తేదీ నుండి అమలులోనికి వచ్చుచున్నది. ప్రపంచమున ఇంతటి వేగవంతమైనది, ఇంతటి సురక్షితమైనది మరియొకటి లేదు. పదునాలుగవ తేదీలోగా అన్ని కంప్యూటర్ల నుండి పాత వ్యవస్థను సమూలముగా తొలగించవలెను. సంకల్ప ఇంకనూ అందలేదను నెపముతో దానిని అమర్చుటలో జాప్యము చేయరాదు.”

ఆఖరి వాక్యం దగ్గర హేమ చెయ్యెత్తింది.

“అందకుండా ఎలా అమరుస్తామండి?”

“అందుతుందమ్మా. అందదని ఎక్కడైనా రాశారా? అందలేదన్న నెపం వద్దన్నారు, అంతే.”

“సార్, ఆపరేటింగ్ సిస్టం అంటే కంప్యూటరుకి ప్రాణం లాంటిదండి. అది తీసేస్తే మిగిలేది ఉత్త డబ్బా. మీట నొక్కితే లైటు వెలుగుద్ది. అంతకంటే ఇంకేమీ అవదు.”

“పాత ప్రాణం పోకుండా కొత్త ప్రాణం ఎలా వస్తుంది?” అన్నారు పరాంకుశం గారు. ఆయన సాయంత్రాలు పురాణానికి వెళతారు.

పన్నెండో తేదీన ప్రధాన కార్యాలయం నుంచి పెద్ద పార్సిల్ వచ్చింది. హేమ కత్తెర తెచ్చి విప్పింది. సంకల్ప బొమ్మ ఉన్న గోడ క్యాలెండర్లు, సంకల్ప అని రాసిన మౌస్ ప్యాడ్లు, మంత్రిగారి సందేశమున్న నున్నటి పుస్తకాలు, నూటఇరవై స్టిక్కర్లు ఉన్నాయి. స్టిక్కరు మీద బంగారు అక్షరాలతో ‘ఈ యంత్రము సంకల్పతో నడుచుచున్నది’ అని ఉంది. ఆమె పెట్టె బోర్లించి అడుగున తట్టింది. డిస్కు లేదు. ఫలానా చోట నుంచి దించుకోండి అనే చీటీ కూడా లేదు.

“సార్, ఇందులో సిస్టం లేదండి.”

“స్టిక్కరు వచ్చిందంటే సిస్టం బయలుదేరినట్టే కదా! శుభలేఖ అందాక పెళ్లి జరగదంటామా?”

హేమ నా బల్ల దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి, “శుభలేఖ వచ్చింది కాబట్టి బారసాల కూడా అయిపోయిందని రాసిమ్మంటున్నారు గురువుగారూ,” అంది.

నేను నవ్వలేదు. నాకు పదవీ విరమణ రెండేళ్లే ఉంది.

పద్నాలుగో తేదీ మధ్యాహ్నం పరాంకుశం గారు దగ్గరుండి తొమ్మిది కంప్యూటర్లనూ ఖాళీ చేయించారు. హేమ ఒక్కొక్కదాని ముందూ కూర్చుని, ఒక్కొక్కసారి “చేసెయ్యమంటారా?” అని అడిగేది. ఆయన ప్రతిసారీ “కానీ” అనేవారు. ఒక్కో తెరా నల్లబడి, పైన ఎడమవైపు చిన్న తెల్ల గీత మాత్రం మినుకుమినుకుమంటూ మిగిలింది. తర్వాత మా అటెండరు అన్నిటికీ స్టిక్కర్లు అంటించాడు. ‘తొమ్మిది యంత్రములయందు సంకల్ప విజయవంతముగా అమర్చడమైనది’ అనే ధ్రువపత్రాన్ని చేత్తోనే రాశాను, టైపు చేయడానికి కంప్యూటరు లేదు కనుక. సాంకేతిక సహాయకురాలి సంతకం దగ్గర హేమ పెన్ను ముట్టలేదు.

“చూడనిదానికి సంతకం పెట్టనండి.”

“అయితే సూపరింటెండెంటు పెడతారు,” అన్నారు పరాంకుశం గారు. నేను పెట్టాను. నా చేతికి అలవాటే.

మరుసటి వారం శిక్షణ. ప్రధాన కార్యాలయం నుంచి కోటు వేసుకున్న కుర్ర నిపుణుడొకాయన వచ్చి, గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. సంకల్పలో కిటికీలు ఎలా తెరుచుకుంటాయో, పడవ నంబరు కొడితే రెప్పపాటులో వివరాలు ఎలా వస్తాయో చెప్పాడు. బొమ్మలు చాలా అందంగా ఉన్నాయి. మధ్యలో ఒక బొమ్మ కదలకుండా ఆగిపోయి, మూలన పాత ఆపరేటింగ్ సిస్టం వాళ్ల గుర్తు ప్రత్యక్షమైంది.

హేమ లేచింది. “సార్, మీ ల్యాప్‌టాప్ దేని మీద నడుస్తోందండి?”

“ఇది శిక్షణకు వాడే యంత్రం మేడమ్. దీన్ని పరిగణనలోకి తీసుకోకూడదు.”

“సంకల్ప ఉన్న కంప్యూటరు మీరు చూశారా అండి?”

“నేను శిక్షణ విభాగం. చూడటం అమలు విభాగం కిందకు వస్తుంది.”

“అమలు విభాగం వాళ్లు?”

“వాళ్లు మా దగ్గర శిక్షణ తీసుకున్నవాళ్లే.”

హేమ కూర్చుంది. పరీక్ష పెట్టారు. ఇరవై ప్రశ్నలు. ‘సంకల్ప ఎంత వేగవంతమైనది?’ అన్నదానికి ‘చాలా’, ‘మిక్కిలి’, ‘అత్యంత’ అని మూడు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమన్నారు. హేమ ‘తెలియదు’ అని చేత్తో రాసింది. మా ఆఫీసులో తప్పింది ఆమె ఒక్కతే.

నెల తిరిగేసరికి పనితీరు నివేదిక పంపమన్నారు. అందులో అడిగినవాటికి అబద్ధం ఆడవలసిన అవసరం ఎక్కడా రాలేదు. ఈ నెలలో ఎన్నిసార్లు కంప్యూటరు ఆగిపోయింది? ఒక్కసారీ లేదు. ఎన్ని వైరస్‌లు చొరబడ్డాయి? ఒక్కటీ లేదు. సమాచారం చోరీ అయిన సందర్భాలు? శూన్యం. సిబ్బంది కంప్యూటరులో పేకాట ఆడుతూ పట్టుబడిన సందర్భాలు? శూన్యం. నివేదికలు చూసి ప్రధాన కార్యాలయం నివ్వెరపోయింది. ప్రపంచంలో ఏ ఆపరేటింగ్ సిస్టమూ ఇంత నిష్కళంకంగా లేదట. మా జిల్లాకు రాష్ట్రంలో మొదటి స్థానం వచ్చింది. పరాంకుశం గారు మిఠాయిలు పంచారు. బయట బెంచీ మీద కాగితాల కోసం కూర్చున్న పడవల వాళ్లకు కూడా తలో లడ్డూ ఇప్పించి, రేపు రమ్మన్నారు.

అలా రేపు, రేపు అంటూ నడుస్తుండగా, ఒక బుధవారం మైలపల్లి దానమ్మ వచ్చింది.

రేవుకి అవతల పాలెం ఆమెది. నలభై ఏళ్లుంటాయి. చేపల గంప మోసి మోసి మెడ ఒకవైపుకు వాలింది. బెంచీ మీద కూర్చోలేదు, తిన్నగా నా బల్ల దగ్గరకు వచ్చింది.

“బాబూ, మా ఆయన ఎర్రయ్య బోటు ఇంజనాగిపోయి, గాలికి కొట్టుకెల్లి అవతల దేశం నీల్లలోకి పోనాదంట. ఆ దేశపోల్లు అట్టుకుని జైల్లో ఎట్టేసినారు. మా ఆయన, మా తమ్ముడు, ఇంకో ఇద్దరు. పదారు దినాలయింది. సోమారం కోరుటంట. బోటు మాదేనని, ఆల్లు సేపలు అట్టుకునేటోల్లేనని మీరిచ్చిన కాయితం సూపిత్తే ఒదిలేత్తారంట. లేపోతే దొంగసాటుగా ఒచ్చినారని ఎన్నేల్లయినా ఉంచేత్తారంట. మా సంగం లాయరుబాబు శుక్కురారం సాయంత్రం లోపల పంపమన్నాడు.”

“ఇంట్లో మీ దగ్గర కాగితం లేదా?”

“బోటులోనే ఉండింది బాబూ. ఉప్పునీల్లకి ముద్దయిపోనాదంట. మీకాడ ఉంటాది గదా, ఇంకోటి తీసియ్యండి.”

నేను ఆమెను తీసుకుని పరాంకుశం గారి గదిలోకి వెళ్లాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. ఆయన చెడ్డవారు కాదు. మనిషి ఎదురుగా ఉండగా ఎవరికీ కాదని చెప్పలేరు. కాగితం మీదైతే చెప్పగలరు.

“తప్పకుండా ఇవ్వాలి వైకుంఠరావు గారూ! మానవతా కోణం. సంకల్పలో వెంటనే తీసి ఇవ్వండి.”

“సంకల్ప లేదు కదండీ,” అన్నాను నెమ్మదిగా.

“లేదని మనం రాసిన కాగితం ఏదైనా ఉందా? ఉందని మీరు సంతకం చేసిన కాగితమైతే నా దగ్గర ఉంది.”

“పోనీ, వివరాలు ప్రస్తుతం అందుబాటులో లేవని రాసిద్దామండి. ఆ లాయరు ఏదో ఒకటి చేసుకుంటాడు.”

“రాష్ట్రంలో మొదటి స్థానం వచ్చిన జిల్లా, వివరాలు లేవని రాసిస్తుందా? బుద్ధి ఉండే మాట్లాడుతున్నారా?”

గురువారం పొద్దున్న ఆయన స్వయంగా సంకల్ప సహాయ కేంద్రానికి ఫోన్ చేసి, మాకందరికీ వినపడేలా స్పీకర్ పెట్టారు. హేమ, నేను, దానమ్మ నిలబడి విన్నాం. అవతల ఒక కమ్మటి గొంతు పలికింది.

“సంకల్పకు స్వాగతం. మీ సమస్య చెప్పండి.”

“కంప్యూటరులో ఏమీ రావడం లేదు.”

“తెర ఏ రంగులో ఉంది సార్?”

“నల్లగా ఉంది.”

“పైన ఎడమవైపు చిన్న తెల్ల గీత మినుకుమినుకుమంటోందా?”

“అవునవును!”

“అభినందనలు సార్. అదే సంకల్ప ముఖతెర. కంటికి శ్రమ లేకుండా నిరాడంబరంగా రూపొందించాం.”

“మరి పడవల వివరాలు?”

“దాని వెనక ఉంటాయి సార్. భద్రత కోసం ఎవరికీ కనపడకుండా ఉంచాం.”

హేమ ముందుకు వంగింది. “కనపడాలంటే ఏం నొక్కాలండి?”

“చూడవలసిన అవసరం ఎందుకు కలిగిందో రాతపూర్వకంగా పంపండి మేడమ్. సంఘం పరిశీలిస్తుంది.”

ఫోన్ పెట్టేసి పరాంకుశం గారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. “విన్నారుగా? వివరాలు భద్రంగా ఉన్నాయి. ఆమెకు అర్థమయ్యేలా చెప్పి పంపండి.”

దానమ్మ అంతా వింది గానీ, ముఖతెరా నిరాడంబరమూ ఆమెకు అర్థం కాలేదు. వరండాలోకి వచ్చాక నేను చెప్పాను.

“మీ ఆయన వివరాలు భద్రంగా ఉన్నాయమ్మా.”

“బద్రంగా ఉంటే ఇయ్యొచ్చుగదా బాబూ?”

“కనపడకుండా ఉన్నాయి.”

ఆమె నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. “మా ఆయన కూడా అలగే ఉన్నాడు,” అని మెట్ల మీద కూలబడిపోయింది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంత తేలిగ్గా ఉండేది.

నేను లోపలికి వచ్చి కూర్చున్నాను. ఫైలు తెరిచాను, మూశాను. కాసేపటికి హేమ వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కుంది.

“గురువుగారూ, నాకాడ ఒకటుంది. మీకు చెప్పొచ్చో లేదో తెలీడం లేదు.”

“ఏంటమ్మా?”

“పద్నాలుగో తేదీ పొద్దున్న, సార్ రాకముందే, అన్ని పడవల వివరాలూ నా డిస్కులోకి ఎక్కించేశాను. మా అక్క పెళ్లి ఫొటోలుండే డిస్కు. తప్పేనని తెలుసు. కానీ చేతులారా చెరిపెయ్యడానికి మనసొప్పలేదు.”

ప్రభుత్వ సమాచారం సొంత డిస్కులో! పైగా సర్క్యులర్ ఐదో పేరాలో స్పష్టంగా ఉంది: పాత వ్యవస్థలో తీసిన ఏ పత్రమూ చెల్లదు, దానిని ధ్రువీకరించిన అధికారిపై కఠిన చర్య తీసుకొనబడును.

“అది తెరవాలంటే మామూలు కంప్యూటరు కావాలి కదా?”

“పోస్టాఫీసు సందులో బెహరా గారి నెట్ సెంటర్ ఉందండి. రేపు భోజనం టైములో ఎల్లి అచ్చు తీసేస్తాను. సంతకం మాత్రం మీరే పెట్టాలి. నాది చెల్లదు.”

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి మా ఆవిడకు చెబితే, “ముప్పై ఏళ్ల నుంచి లేనివాటికి పెడుతున్నారు సంతకాలు. ఉన్నదానికి ఒకటి పెడితే చెయ్యి పడిపోదు,” అంది.

శుక్రవారం మధ్యాహ్నం నేను రబ్బరు ముద్ర జేబులో వేసుకుని హేమ, దానమ్మలతో వెళ్లేసరికి బెహరా నెట్ సెంటర్‌లో రైలు టిక్కెట్ల కోసం, హాల్ టిక్కెట్ల కోసం జనం కిక్కిరిసి ఉన్నారు. హేమ ఓ మూల కంప్యూటరు దగ్గర కూర్చుని డిస్కు పెట్టింది. ముందు పెళ్లికూతురు ముఖానికి పసుపు రాస్తున్న ఫొటో వచ్చింది. తర్వాత పడవలు వచ్చాయి. వందల పడవలు, వందల ముఖాలు. నెలన్నర తర్వాత వాటిని చూస్తుంటే, పోయారనుకున్నవాళ్లు వరసగా తలుపు తీసుకుని లోపలికి వస్తున్నట్టే అనిపించింది.

“ఇదిగో,” అంది దానమ్మ, తెరను వేలితో తాకి. “ఈడే మా ఆయన. ఆ గల్లసొక్కా నానే కొన్నాను.”

కాగితం వచ్చింది. పడవ నంబరు, ఎర్రయ్య పేరు, మిగతా ముగ్గురి పేర్లు, నాలుగు ఫొటోలు. నేను సంతకం పెట్టి రబ్బరు ముద్ర వేశాను. సంతకంలో ‘ఇ’ కాస్త వంకరపోయింది. బెహరా దాన్ని స్కాన్ చేసి సంఘం లాయరుకు పంపాడు. అన్నీ కలిపి పదిహేను నిమిషాలు పట్టింది.

సోమవారం కోర్టులో ఆ కాగితం చెల్లింది. నలుగురినీ వదిలేశారు. మంగళవారం పేపర్లలో ‘నావల శాఖ పత్రంతో జాలర్లకు విముక్తి’ అని పడింది. ప్రధాన కార్యాలయం నుంచి పరాంకుశం గారికి ఫోన్ వచ్చింది. ఎల్లలు దాటిన సంకల్ప అని పొగిడారు. ఆయన పొంగిపోయి నన్ను పిలిచి, “చూశారా, మీరు అనవసరంగా కంగారు పడ్డారు. ఆఖరికి పనిచేసిందిగా!” అన్నారు. ఆయన నిజంగానే నమ్మారని నా అనుమానం.

అక్కడితో పోయేదే. కానీ ఆ కాగితం అడుగున సన్నటి అక్షరాలతో ‘బెహరా నెట్ సెంటర్, పోస్టాఫీసు సందు’ అని అచ్చయి ఉంది. ప్రధాన కార్యాలయంలో ఎవరో భూతద్దం పెట్టి చూశారు. ముగ్గురు సభ్యుల విచారణ సంఘం వచ్చి మా మీటింగు హాల్లో దిగింది. అధ్యక్షుల వారిది నిండైన విగ్రహం. ప్రతి మాటకూ ముందు కొంత మౌనం పాటించేవారు.

ముందు హేమను పిలిచారు. నేను మినిట్స్ రాయడానికి పక్కనే ఉన్నాను.

“ఈ పత్రము ఎచ్చట నుండి ఉత్పన్నమైనది?”

“నా డిస్కులోంచండి. బెహరా గారి నెట్ సెంటర్‌లో తీశాను.”

“అనగా సంకల్పలో తీయలేదా?”

“తియ్యడానికి సంకల్ప ఉండాలి కదండి.”

మౌనం. “‘సంకల్ప పట్ల సాక్షికి అవగాహన కొరవడినది’ అని రాసుకోండి,” అన్నారు నాతో. రాశాను.

తర్వాత ఆ డిస్కు తెమ్మన్నారు. దాన్ని పరీక్షించడానికి, నిబంధనల ప్రకారం, మా ఆఫీసులో సంకల్ప అమర్చిన యంత్రానికే తగిలించారు. ముగ్గురు సభ్యులూ తెర ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నల్లటి తెర. తెల్ల గీత మినుకుమినుకుమంటోంది. పావుగంట చూశారు. ఒక సభ్యుడికి కునుకు పట్టింది.

“డిస్కు ఖాళీగా ఉన్నది,” అని తేల్చారు అధ్యక్షుల వారు.

“ఖాళీ కాదండి! మామూలు కంప్యూటరుకి పెట్టి చూడండి, కనిపిస్తుంది,” అంది హేమ.

“ప్రపంచములోకెల్ల ఉత్తమమైన సిస్టమునకు కనిపించనిది పాత సిస్టమునకు కనిపించునా?”

నివేదిక ఆ మధ్యాహ్నమే తయారైంది. డిస్కు ఖాళీది. ఖాళీ డిస్కు నుంచి పత్రం రాదు. కానీ పత్రం వచ్చింది. కనుక అది సంకల్ప నుంచే వచ్చింది. నెట్ సెంటర్ పేరు ఎవరో దురుద్దేశంతో తర్వాత అచ్చు వేసినది. సంకల్ప ఘనతను తనదిగా చెప్పుకున్నందుకు పొట్నూరు హేమసుందరి సేవలు ఇక అవసరం లేదు. ఖాళీ డిస్కు ఆమె సొంత ఆస్తి గనుక ఆమెకే తిరిగి ఇవ్వవలెను.

సంతకాలకు ముందు అధ్యక్షుల వారు నావైపు తిరిగారు. “సూపరింటెండెంటు గారూ, మీరేమైనా చెప్పదలిచారా?”

హేమ నన్నే చూస్తోంది. ఆమె నా పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. కాగితం మీద ఉన్నది నా సంతకమే అయినా, సంకల్పలో వచ్చిన కాగితానికి సూపరింటెండెంటు సంతకం ఉండటం సహజమే కనుక వాళ్లూ అడగలేదు.

“అధ్యక్షుల వారి పరిశీలనతో ఏకీభవిస్తున్నానండి,” అన్నాను.

హేమ డిస్కు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. వెళ్తూ, “టీ తాగండి గురువుగారూ, చల్లారిపోతోంది,” అంది. అంతకంటే ఘోరమైన మాట నన్నెవరూ అనలేదు.

నలుగురూ తిరిగొచ్చిన తర్వాత టౌన్ హాల్లో విజయోత్సవం జరిగింది. పెద్ద తెర మీద సంకల్ప బొమ్మ, పక్కన ఎర్రయ్య బొమ్మ. ఎర్రయ్య చిక్కి సగమయ్యాడు. శాలువా కప్పితే అందులోనే మునిగిపోయాడు. ఉపన్యాసాలయ్యాక దానమ్మను మాట్లాడమని మైకు చేతికిచ్చారు.

“అందరికీ దండాలు. మా ఆయన ఇంటికొచ్చీసినాడు. అది సాలు నాకు,” అని ఒక్క క్షణం ఆగింది. వేదిక మీద ఉన్నవాళ్లందరినీ దాటి, ముందు వరసలో ఉన్న నా దగ్గర ఆమె చూపు ఆగింది. “ఆ పాప ఏది బాబూ? మాకు కాయితం తీసిచ్చిన పాప. ఇంతమందిని పిలిసి, ఆ పాపనేటి పిలవనేదు?”

పరాంకుశం గారు చటుక్కున లేచి మైకు అందుకున్నారు.

“విన్నారా! ‘పాప’ అంటోంది ఈ తల్లి! అమాయక జనం మన సంకల్పను కన్నకూతురిలా ముద్దుగా పాప అని పిలుచుకుంటున్నారు!”

చప్పట్లు మోగాయి. దానమ్మ ఏదో చెప్పబోయింది గానీ మైకు ఆమె చేతిలో లేదు. చప్పట్ల మధ్య ఆమె నన్నే చూస్తూ నిలబడింది. నా పక్కాయన కొడుతున్నాడు కదా అని నేను కూడా చేతులెత్తాను. కానీ అవి కలవలేదు.

మర్నాడు సర్వీసులో మొదటిసారి నా అంతట నేను ఒక లేఖ రాశాను. ‘సంకల్ప అనునది మా కార్యాలయమునకు రాలేదు. వచ్చినదని నేను ఇచ్చిన ధ్రువపత్రము అబద్ధము. దానమ్మకు ఇచ్చిన పత్రము హేమసుందరి డిస్కు నుండి తీసినది. సంతకము నాది. చర్య తీసుకొనదలచిన నాపై తీసుకొనవలెను. ఆమెను తిరిగి ఉద్యోగములోకి తీసుకొనవలెను.’ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. సస్పెన్షను వస్తుందని మా ఆవిడకు చెప్పి, ఇంట్లో చక్కబెట్టవలసినవి చక్కబెట్టుకున్నాను.

పదకొండు రోజులకు జవాబు వచ్చింది.

‘మీ లేఖ అందినది. సంకల్పపై ఫిర్యాదులు సంకల్ప ద్వారా పంపినచో మాత్రమే స్వీకరించబడును. కాగితముపై పంపిన ఫిర్యాదు, ఫిర్యాదుగా పరిగణించబడదు. సంకల్ప రెండవ రూపమునకు సంబంధించిన స్టిక్కర్లు జతపరచడమైనది.’

దాన్ని రెండుసార్లు చదివాను. నన్ను శిక్షించాలన్నా, ముందు సంకల్ప లేదని ఒప్పుకోవాలి. వాళ్లు ఒప్పుకోరు. అంటే ఈ ఆఫీసులో నేను ఏం చేసినా అడిగేవాడు లేడు. ముప్పై ఒక్క ఏళ్లు ఎందుకు భయపడ్డానో ఆ క్షణాన ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

హేమ అప్పటికే బెహరా నెట్ సెంటర్‌లో పనికి కుదిరింది. నేను వెళ్లి ఆమె ముందు నిలబడ్డాను. జవాబు కాగితం ఇచ్చాను. చదివి, మడిచి, తిరిగి ఇచ్చింది.

“ఇప్పుడేం చేద్దామంటారు?”

“మన బెంచీ మీద జనం ఉన్నారు. నీ దగ్గర డిస్కు ఉంది. సంతకం పెట్టడానికి నేనున్నాను.”

“ఈసారి అడిగితే చెబుతారా మరి?” అంది, నా కళ్లలోకి చూస్తూ.

“అడగకపోయినా చెబుతాను.”

ఆమె వెంటనే సరేననలేదు. అచ్చు యంత్రంలో కాగితాలు సర్దింది. తర్వాత, “ఒకేసారి అందరినీ తీసుకురాకండి. సందులో చోటు చాలదు,” అంది.

ఆఫీసుకు వచ్చి వరండాలో నిలబడి గట్టిగానే చెప్పాను. “మా కంప్యూటర్లలో ఏమీ లేదు. ఎప్పుడూ రాలేదు. కాగితం కావలసినవాళ్లు నా వెంట రండి.” బెంచీ మీదా మెట్ల మీదా కలిపి పదిహేడు మంది లేచారు. గేటు దాటబోతుంటే కిటికీలోంచి పరాంకుశం గారు పిలిచారు.

“వైకుంఠరావు గారూ! ఎక్కడికి వీళ్లందరినీ వేసుకుని?”

“హేమ దగ్గరికండి. కాగితాలు తీయించడానికి.”

ఆయన అటూ ఇటూ చూశారు. వెనక గోడకు సంకల్ప క్యాలెండరు వేలాడుతోంది. కిటికీ ఊచల మధ్య నుంచి ముఖం బయటికి పెట్టి, గొంతు బాగా తగ్గించారు.

“మా బావమరిది బోటుది కూడా ఒకటి తీయించి పట్రండి. మూడు వారాల నుంచి ప్రాణం తీస్తున్నాడు.”

తీయించాను. వరుసలో ఆయనది పద్దెనిమిదోది.